రైలుప్రమాదములు: దానమా, బాకీయా?

(ఒక పట్టణ గ్రంథాలయపు సభయందు చేసిన ఉపన్యాసము)

ఎక్కడనైన రైలుప్రమాదము జరిగిన మఱునాటి యుదయమున ఇట్టి పఠనమందిరములలో కనబడు దృశ్యము మీరందఱు ఎఱిగినదే. ఒక పత్రికచుట్టు పదిమంది మూగుదురు. చనిపోయినవారెందఱని యొకరు, బండి పేరేమని యొకరు అడుగుదురు. మనవైపువారెవరైన నుండిరాయని వేఱొకరు పేరులు వెదకుదురు. మంత్రిగారు స్థలమునకు వచ్చిరనియు, మృతుల కుటుంబములకు ఇన్నిలక్షలు ప్రకటించిరనియు చదివి, ‘పోనిండు, ప్రభుత్వమువారు ఏదో యిచ్చుచున్నారుగదా’ యని నిట్టూర్చి పుట త్రిప్పుదుము. నాలుగుదినములలో ఆ వార్త పత్రికనుండి మాయమగును. చనిపోయినవాని యింటినుండి మాత్రము మాయముకాదు.

ఆ యింట తరువాత నేమి జరుగుచున్నది? ప్రకటించిన ధనమెంత, చట్టప్రకారము రావలసిన ధనమెంత? అది యెవరు అడుగవలయును, ఎచ్చట అడుగవలయును, ఎన్నాళ్లలోపల అడుగవలయును? చదువుకొన్నవారిలోను ఈ సంగతులు తెలిసినవారు అరుదు. అందుచేతనే ఈ విషయమును నేడు మీ యెదుట పెట్టుచున్నాము. మేము చెప్పదలచినది ఒక్కమాట. రైలులో ప్రయాణముచేయుచు ప్రాణము కోలుపోయినవాని కుటుంబమునకు రావలసిన నష్టపరిహారము దానము కాదు, అది బాకీ. దానమునకు చేయిచాపవలయును, బాకీకి లెక్కచూపి వసూలు చేసికొనవలయును. ఈ భేదము తెలియకపోవుటవలన మనదేశమున ఎన్ని కుటుంబములు తమకు రావలసినదానిని పోగొట్టుకొనుచున్నవో!

మనుష్యప్రాణము తీసినవారు దానికి బాకీపడుదురను భావము న్యాయశాస్త్రమునకు సులభముగా రాలేదు. రైలుబండి పుట్టిన ఇంగ్లండుదేశమున 1808వ సంవత్సరమున ఒక వ్యాజ్యము నడచెను. ఒకడు భార్యతో ప్రయాణికుల గుఱ్ఱపుబండిలో పోవుచుండగా బండి తలక్రిందులై, ఆమె కొన్నాళ్లు బాధపడి మరణించెను. భర్త నష్టమునకై దావా వేసెను. న్యాయమూర్తి లార్డు ఎల్లెన్‌బరో, భార్య బ్రతికియున్న దినములవరకే నష్టము లెక్కింపవచ్చును గాని, మనుష్యుని మరణము సివిలు న్యాయస్థానమున నష్టముగా చెప్పుకొనదగినది కాదని తీర్పుచెప్పెను. అనగా, బండివాడు ప్రయాణికుని కాలు విఱుగగొట్టినచో సొమ్మియ్యవలయును, చంపివేసినచో ఇయ్యనక్కఱలేదు!

అప్పుడు ఆ దేశమున ఇంకొక వింత ఆచారముండెను. ఒకని మరణమునకు కారణమైన వస్తువును, బండియైనను ఎద్దైనను, దాని విలువను జ్యూరీవారు నిర్ణయించి రాజుపరము చేయుచుండిరి. దీనిని ‘డియోడాండు’ అనిరి. 1841 డిసెంబరు 24వ తేదీన గ్రేట్ వెస్టరన్ రైలుదారిలో సోనింగ్ అనుచోట, దారికి ప్రక్కనున్న మంటిగోడ వానకు జాఱి పట్టాలమీద పడగా బండి దానిని డీకొనెను. ఆ బండిలో క్రిస్మసు పండుగకు ఇండ్లకు పోవుచున్న రాతిపనివారు ఉండిరి. వారు కూర్చున్నవి సామానుబండికి తగిలించిన మూతలేని మూడవతరగతి పెట్టెలు. ఎనమండుగురు అచ్చటనే ప్రాణములు విడిచిరి. జ్యూరీవారు ఇంజనుమీదను పెట్టెలమీదను వేయి పౌనుల డియోడాండు విధించిరి. కాని శాస్త్రప్రకారము ఆ ధనము చేరవలసినది రాజునకో, రాజుహక్కు పొందిన భూస్వామికో. చనిపోయిన కూలివాని భార్యకు మాత్రము కాదు.

1846లో ఆ దేశపు పార్లమెంటు ఈ ఆచారమును రద్దుచేసి, అదే సంవత్సరమున, ఒకరి తప్పువలన చనిపోయినవాని భార్యాబిడ్డలును తల్లిదండ్రులును నష్టపరిహారము కోరవచ్చునని వేఱొక శాసనము చేసెను. దానిని పట్టి మనదేశమునను 1855వ సంవత్సరపు 13వ చట్టము వచ్చినది. బొంబాయినుండి ఠాణాకు మొదటిబండి నడచినది 1853 ఏప్రిలు 16న. చెన్నపట్నపు రాయపురమునుండి వాలాజాకు నడచినది 1856 జూలై 1న. దక్షిణదేశమునకు రైలుకంటె ముందు చట్టమే వచ్చినదని చెప్పవచ్చును. కాని ఆ చట్టమున ఒక మెలిక యున్నది. ఎదుటివాని తప్పును, అశ్రద్ధను ఋజువుచేసిననే గాని ధనము రాదు.

ఈ మెలిక యెంతటిదో యొక్కక్షణము ఆలోచింపుడు. అర్ధరాత్రమున ప్రయాణికుడు నిద్రించుచుండును. సిగ్నలు రైల్వేవారిది, పట్టా రైల్వేవారిది, వంతెన రైల్వేవారిది, ఇంజను రైల్వేవారిది, దానిని నడపువాడు రైల్వేవాడు. ఏ మేకు వదులైనదో, ఏ తీగ తప్పుగా కలుపబడినదో వ్రాసియుంచు పుస్తకములును రైల్వేవారి బీరువాలోనివే. ఇన్నియు ఒకరి చేతిలోనుండగా, పల్లెలోనున్న విధవ వచ్చి ‘మీ తప్పు ఇది’యని ఋజువుచేయవలెననుట, తాళపుచెవి దొంగచేతికిచ్చి పెట్టె తెఱువుమని సొంతదారు నడుగుటవంటిది.

ఈ సంకటము తొలగించిన మొదటి శాసనము 1943లో వచ్చినది. 1890వ సంవత్సరపు రైల్వేచట్టమునకు 82-ఏ అను క్రొత్త సెక్షను చేర్చి, ప్రయాణికుల బండ్లు ఒకదానినొకటి డీకొన్నను, పట్టాలు తప్పినను, బండికి మఱియే ప్రమాదము కలిగినను, రైల్వేవారి తప్పున్నను లేకున్నను నష్టపరిహారమియ్యవలసినదేయని నిర్ణయించిరి. ఒక్కొక్కరికి గరిష్ఠము 10,000 రూపాయలు. మొత్తము మాట యటుంచి, ఇందలి సూత్రము గొప్పది. తప్పెవరిదను ప్రశ్నను ప్రక్కనబెట్టి, నష్టమెవరికి కలిగినదనియే చూచినది.

ఇప్పుడు అమలులోనున్న 1989వ సంవత్సరపు రైల్వేచట్టమున ఆ సూత్రమే 124వ సెక్షనుగా నిలిచినది. 1994లో దానికి 124-ఏ చేర్చి హక్కును ఇంకను విశాలముచేసిరి. బండికి ప్రమాదము కలుగకపోయినను, ప్రయాణికుడు బండినుండి పొరపాటున జాఱిపడినను, బండిలోగాని స్టేషనులోగాని దోపిడి, దొమ్మి, కాల్పులు, దహనము, ఉగ్రవాదుల ఘాతుకము మొదలగువానికి బలియైనను పరిహారము కలదు. ఆత్మహత్య, తనంతట తాను చేసికొన్న గాయము, తన నేరకృత్యము, త్రాగిన మైకమునగాని ఉన్మాదమునగాని చేసిన పని, సహజమైన వ్యాధి అనునవి మాత్రమే దీనికి మినహాయింపులు. ఈ వ్యవహారములు విచారించుటకు 1987వ సంవత్సరపు చట్టముచే రైల్వే క్లెయిముల ట్రిబ్యునలు ఏర్పడినది. దాని బెంచి యొకటి మన సికింద్రాబాదునందే యున్నది.

ఇచ్చట కొందఱు పెద్దమనుష్యులు అడుగవచ్చును. ‘రైల్వేవారిది తప్పైనచో ఇయ్యవలసినదే. వాకిటియొద్ద నిలుచుండి తానై జాఱిపడినవానికి ప్రజలసొమ్ము ఏల యియ్యవలయును?’ ఈ ప్రశ్నను మేము తేలికగా త్రోసివేయము. దీనికి మా యుత్తరమిది. ప్రజలందఱికి ఉపయోగపడు గొప్పయంత్రమును నడుపుటలో కొన్ని ప్రాణములు పోవుట తప్పనిదైనచో, ఆ నష్టమంతయు పోయినవాని భార్యనెత్తిన పడవలయునా, ఆ యంత్రమువలన లాభపడు మనయందఱిమీద పైసాపైసాగా పంచుకొనబడవలయునా? మఱియు, వాకిటియొద్ద నిలుచుండువాడు గాలికొఱకు నిలుచుండెనని యెవరు చెప్పిరి? పండుగదినములలో జనరలుబోగీ నొకసారి చూచినవారెవరును ఆ మాట యనరు. లోపల కాలుమోపుటకు చోటులేకనే వాకిలిని పట్టుకొని వ్రేలాడుచున్నాడు. టిక్కెట్టు అమ్మినవారు చోటు చూపవలదా?

ఇక చట్టమునుండి జీవితమునకు వత్తము. ఒక కూలివాని నూహింపుడు. పలాసప్రాంతపు పల్లెవాడు, చెన్నపట్నమున ఇండ్లుకట్టు పనికి పోయినాడు. సంక్రాంతికి ఇల్లుచేరవలెనని జనరలు టిక్కెట్టుకొని, బోగీలో చోటులేక వాకిటియొద్ద నిలుచున్నాడు. ఒంగోలు దాటిన తరువాత ఎక్కడనో కునుకుపట్టి జాఱిపడినాడు. తెల్లవాఱి గ్యాంగుమనుష్యులు శవమును చూచిరి. చొక్కాజేబు చినిగిపోయినది, టిక్కెట్టు కనబడలేదు. పోలీసువారు ‘గుర్తుతెలియని పురుషుడు, గుర్తుతెలియని బండి’యని వ్రాసికొనిరి. వారమునకు జాడ తెలిసి భార్య బంధువులతో వచ్చి, కర్మ జరిపించి, పిల్లలతో పల్లెకు తిరిగిపోయినది. టిక్కెట్టు లేనివానికి ఏమియు రాదని దారిలో నెవరో చెప్పిరి. ఆమె నమ్మినది. ఏడాది గడచినది.

ఈ కథలో రైల్వేవారి వాదములేగాక మన యజ్ఞానముకూడ నున్నది. ఒక్కొక్కటిగా చూతము.

మొదటిది టిక్కెట్టు. టిక్కెట్టు దొరకనంతమాత్రమున హక్కు పోదని 2018 మే 9వ తేదీన సుప్రీంకోర్టు స్పష్టముగా తీర్పుచెప్పినది. పట్టాలప్రక్క శవము కనబడినంతనే ప్రయాణికుడని నిశ్చయింపరాదు, నిజమే. కాని కుటుంబమువారు తమకు తెలిసిన సంగతులను, అనగా ఎప్పుడు బయలుదేఱెను, ఎచ్చటనుండి ఎచ్చటికి, ఎవరితో ఫోనులో మాటాడెను, ఎవరు బండియెక్కించిరి అనువానిని ప్రమాణపత్రమున వ్రాసి దాఖలుచేసినచో, అతడు ప్రయాణికుడు కాడని చూపు భారము రైల్వేవారిమీదకు పోవును. కావున తోడివాని సాక్ష్యము, ఫోనులోని సందేశము, పనియిచ్చిన మేస్త్రీ వాఙ్మూలము, ఇవియన్నియు విలువగల కాగితములే.

రెండవది ‘అతని యజాగ్రత్త’ అను వాదము. తెఱచిన వాకిటియొద్ద నిలుచుండి పడిపోయినవాడు అజాగ్రత్తగా నుండెనని యనవచ్చును గాని, అది నేరకృత్యము కాదని 2010లో సుప్రీంకోర్టు తీర్పు. అజాగ్రత్త వేఱు, తనంతట తాను చేసికొన్న గాయము వేఱని 2018 తీర్పుకూడ చెప్పినది. కేరళదేశమున బండియెక్కబోవుచు పడిపోయిన ఒక స్త్రీ విషయమున, ఎక్కుచు పడినను బండినుండి పడినట్లేయని 2008లోనే ఆ కోర్టువారు నిర్ణయించిరి. ఈ చట్టము దిక్కులేనివారి మేలుకొఱకు చేసినది గనుక దానిని ఇఱుకుగా గాక విశాలముగా అర్థముచేసికొనవలయునని వారి యాశయము.

మూడవది గడువు. ఇదియే అన్నిటికంటె క్రూరమైనది. ప్రమాదము జరిగిన దినమునుండి ఒక్క సంవత్సరములోపల ట్రిబ్యునలునకు దరఖాస్తు పెట్టవలయును. తగిన కారణము చూపినచో ఆలస్యమును మన్నించు అధికారము ట్రిబ్యునలునకు కలదు. కాని మన్నింపు హక్కు కాదు. మన యాచారమున ఏడాదివఱకు మైల, మాసికములు, సంవత్సరీకము. దుఃఖములోనున్న యింట కోర్టుమాట యెత్తుట అపచారమని పెద్దలు తలతురు. ఏడూడి ముగిసి కన్నీరు తుడుచుకొనునప్పటికి గడువును ముగిసియుండును.

నాలుగవది దూరము. ప్రమాదము ఎచ్చటనో జరిగినది గనుక అచ్చటికే పోవలయునను భ్రమ చాలమందికి కలదు. టిక్కెట్టుకొన్న చోటు, చేరవలసిన చోటు, ప్రమాదము జరిగిన చోటు, దరఖాస్తుదారు నివసించు చోటు, వీనిలో దేనిమీద అధికారముగల బెంచియందైనను దరఖాస్తు చేయవచ్చును. భార్య, భర్త, కుమారులు, కుమార్తెలు ఆధారితులుగా అడుగవచ్చును. అవివాహితుడుగాని మైనరుగాని మరణించినచో తల్లిదండ్రులు అడుగవచ్చును. అతనిమీద ఆధారపడియున్న వృద్ధమాతాపితలకు, మైనరు తమ్ములకు, పెండ్లికాని అక్కచెల్లెండ్రకు, వితంతువైన అక్కకు, కోడలికి కూడ చట్టమున చోటున్నది. వకీలునకిచ్చుటకు సొమ్ములేదని యాగనక్కఱలేదు. 1987వ సంవత్సరపు న్యాయసేవల చట్టముక్రింద స్త్రీలకును, బాలురకును, షెడ్యూల్డు కులములవారికిని తెగలవారికిని, మహావిపత్తుల పాలైనవారికిని ఉచితముగా న్యాయసహాయము పొందు హక్కుకలదు. జిల్లాకోర్టు ఆవరణముననే ఆ సంస్థ కచేరియున్నది.

దేవుడు వరమిచ్చినను పూజారి వరమియ్యడని మనవారు సామెత చెప్పుదురు. ఇచ్చట పూజారిని నిందించుటకు ముందు, మనము గుడిమెట్లు ఎక్కితిమాయని చూచుకొనవలయును.

ఇక దానమునకును బాకీకిని గల భేదము. ప్రమాదస్థలమున మంత్రులు ప్రకటించునది ‘ఎక్స్‌గ్రేషియా’. అది దయచేసి యిచ్చునది. 2023 సెప్టెంబరులో రైల్వేబోర్డువారు దానిని పెంచి, బండిప్రమాదమున మరణమునకు 5 లక్షలు, తీవ్రగాయమునకు రెండున్నర లక్షలు, స్వల్పగాయమునకు 50,000 రూపాయలుగా నిర్ణయించిరి. అదే యేడు జూను 2న ఒడిశాలోని బహానగా స్టేషనువద్ద కోరమాండలు ఎక్స్‌ప్రెస్సు ప్రమాదమున 290మందికి పైగా మరణించినప్పుడు మృతుల కుటుంబములకు పదేసి లక్షలు ప్రకటించిరి. మన విశాఖపట్నము, రాజమహేంద్రవరము, విజయవాడల మీదుగా చెన్నపట్నమునకు పోవు బండి యది. ఆ సహాయమును మేము తక్కువచేయము. ఆసుపత్రిముందు నిలుచున్నవానికి అప్పుడే చేతికివచ్చు సొమ్ము ప్రాణాధారము.

అయినను అది నష్టపరిహారము కాదు. చట్టప్రకారము మరణమునకు రావలసినది 8 లక్షల రూపాయలు. కొన్ని గాయములకు, అంగవైకల్యములకు పట్టికప్రకారము వేఱువేఱు మొత్తములు. ఎక్స్‌గ్రేషియా పుచ్చుకొన్నంతమాత్రమున ఈ హక్కు తీరిపోదు. కాని జనులకు తెలిసినది మొదటిదొక్కటే. కెమేరాలయెదుట చెక్కు అందుకొన్నవారు లెక్కముగిసినదని తలచి యింటికి పోవుదురు. ఇంకొక సంగతి. పెద్దప్రమాదమున పోయినవానికి మంత్రి వచ్చును, పత్రిక వచ్చును. ఒంటరిగా రాత్రివేళ జాఱిపడిన కూలివానికి ఎవరును రారు. అతనికి ఉన్నది చట్టమొక్కటే. కావున హక్కు తెలియవలసిన యవసరము అతని కుటుంబమునకే అధికము.

చట్టమును పొగడినంతనే దాని లోపములను దాచరాదు. మాకు కనబడునవి మూడు.

మొదటిది, ధనము మొత్తము. 1997లో 4 లక్షలుగా నిర్ణయించినదానిని 8 లక్షలుగా పెంచినది 2017 జనవరి 1 నుండి. నడుమ దాదాపు ఇరువది సంవత్సరములు ధరలు పెరిగినవి, కూలి పెరిగినది, రైలుచార్జీలు పెరిగినవి. ప్రాణమువెల మాత్రము పెరుగలేదు. ఎన్నేండ్లకొకసారి సవరింపవలయునను నియమము చట్టమున లేదు; ప్రభుత్వమువారికి తోచినప్పుడే. ఒక నిర్ణీతకాలమునకు ధరలనుబట్టి మొత్తము తనంతట పెరుగు ఏర్పాటు చట్టముననే యుండవలయును.

రెండవది, తప్పు స్పష్టముగా రైల్వేవారిదేయైనను మొత్తము మాఱదు. ‘నిర్ణయించినంతవఱకు మాత్రమే’ బాధ్యతయని 124వ సెక్షను చెప్పుచున్నది. తప్పులేకున్నను ఇయ్యవలయుననుట పేదవానికి మేలు. తప్పున్నను అంతకు మించి యియ్యనక్కఱలేదనుట ఎవరికి మేలు? రోడ్డుప్రమాదమున పోయినవాని సంపాదన, వయస్సు, కుటుంబపు సంఖ్య లెక్కించి, గరిష్ఠమనునది లేకుండ మోటారు ట్రిబ్యునలువారు పరిహారము నిర్ణయింతురు. రైలుకు మాత్రము ఈ కట్టుబాటేల? తప్పెవరిదైనను 8 లక్షలు అడుగుమెట్టుగా నుండవలయును. తప్పు ఋజువైనచోట ఆపై మెట్టు ఎక్కుటకు దారియుండవలయును.

మూడవది, చట్టమునకు వెలుపల నిలిచిపోయినవారు. 2014 జూలై 24న మెదకుజిల్లా మాసాయిపేటవద్ద కాపలాలేని గేటులో పాఠశాల బస్సును రైలు డీకొని పసిపిల్లలు ప్రాణములు కోలుపోయినది ఎవరు మఱవగలరు? ఆ పిల్లలు రైలుప్రయాణికులు కారు. 124వ సెక్షను వారికి వర్తింపదు. అట్టివారు మోటారు ట్రిబ్యునలును ఆశ్రయింపవచ్చుననియు, తప్పు రైల్వేవారిదైనను అచ్చట అడుగవచ్చుననియు 2002లో సుప్రీంకోర్టు చెప్పినది. కాని అచ్చట మరల పాత మెలికయే, తప్పు ఋజువుచేయవలయును. బ్రాడ్‌గేజి మార్గములపై కాపలాలేని గేట్లు 2019 జనవరి నెలాఖరునకు పూర్తిగా తొలగింపబడినవి. ఆ పని యొక పదియేండ్లు ముందు జరిగియున్నచో ఆ యిండ్లలో దీపములు వెలుగుచుండెడివి.

ఇక్కడ ఒక ప్రమాదమును హెచ్చరింపవలసియున్నది. తప్పులేకున్నను పరిహారమిత్తుమను సూత్రము, తప్పును వెదకనక్కఱలేదను సోమరితనముగా మాఱరాదు. 1956 సెప్టెంబరు 2న మహబూబునగరుసమీపమున వంతెన కూలి నూఱుమందికి పైగా మరణించినప్పుడు నాటి రైల్వేమంత్రి లాల్‌బహదూరు శాస్త్రిగారు రాజీనామా సమర్పించిరి. ప్రధాని నెహ్రూగారు అంగీకరింపలేదు. మూడునెలలు నిండకముందే, నవంబరు 23న, తమిళదేశపు అరియలూరువద్ద మఱియొక వంతెన వరదకు పోయి నూఱుమందికి పైగా మరణించిరి. ఈసారి శాస్త్రిగారు పట్టుపట్టి పదవి విడిచిరి. ఆయన పట్టాలు బిగించువాడు కాడు, వంతెన కట్టినవాడు కాడు. ఐనను బాధ్యత యనునది పైనుండి ప్రారంభము కావలయునని ఆయన తలచెను.

అటుపిమ్మటను నీరు, పట్టా, సిగ్నలు మనలను విడువలేదు. 2005 అక్టోబరు 29న వలిగొండవద్ద చెఱువుగట్టు తెగి వంతెన కొట్టుకొనిపోగా డెల్టా పాసింజరు నీటిలో పడి నూఱుమందికి పైగా చనిపోయిరి. సరిగా పదునెనిమిదేండ్లకు, 2023లో అదే అక్టోబరు 29న, విజయనగరముజిల్లా కంటకాపల్లివద్ద ఒక పాసింజరుబండి వెనుకనుండి మఱియొకదానిని డీకొని పదునలుగురు మరణించిరి. ఈ బండ్లలో పోవువారు ధనికులు కారు. పాలవారు, కూరగాయలవారు, చిన్నయుద్యోగులు, విద్యార్థులు. పరిహారము చెల్లించుట ఒక చేయి. ప్రమాదకారణమును బయటపెట్టి సరిదిద్దుట ఇంకొక చేయి. రెండుచేతులు కలిసిననే చప్పుడగును. ప్రతి ప్రాణమునకు చెల్లింపవలసిన ధనము తగినంత పెద్దదైనచో, వంతెనను ముందుగా బాగుచేయుటయే చౌకయని లెక్కలు వ్రాయువారికి తోచును. కావున తగిన పరిహారము విధవకు మాత్రమే గాక, ఱేపు బండియెక్కబోవు మనయందఱికిని రక్షణయే.

మహాజనులారా! ఇంతయు విని ‘ప్రభుత్వమువారు చేయవలసినది చాలయున్నది’యని లేచిపోవుట సులభము. మనము చేయదగినదేమి?

ప్రతి గ్రంథాలయమునందును ఈ విషయము వ్రాసిన కాగితమొకటి గోడకు అంటింపుడు: ఏడాది గడువు, 8 లక్షల మొత్తము, సికింద్రాబాదు బెంచి, జిల్లా న్యాయసేవల కచేరి. పెద్ద అక్షరములతో, చదువురానివారికి చదివి వినిపించునట్లు. మీ యూరనో, మీ వీధినో ఎవరైన బండినుండి పడి మరణించినారని విన్నచో, పరామర్శకు పోయినవారిలో నొకరైన శవపంచాయితీ నకలు, శవపరీక్ష నివేదిక, పోలీసువారి కాగితములు భద్రముచేయుడని చెప్పుడు. చినిగిన జేబులోని టిక్కెట్టుముక్కనైనను పాఱవేయవలదని చెప్పుడు. ఫోనును చెఱిపివేయవలదని చెప్పుడు. పదవదినమున చెప్పుటకు నోరురానిచో నెలదినమునకు చెప్పుడు. ఏడూడివఱకు మాత్రము ఆగవలదు. వచ్చిన సొమ్ములో పాలుపంచుకొందుమని చుట్టుముట్టు దళారులనుండి ఆ విధవను కాపాడుడు. ఆమెకు కావలసినది జాలి కాదు. కచేరివఱకు తోడువచ్చు ఒక చదువుకొన్న మనుష్యుడు.

పలాసప్రాంతపు కూలివాని భార్యను మేము ఊహించి చెప్పితిమి. కాని అట్టి స్త్రీ లేని తాలూకా మనదేశమున లేదు. ఆమెకు చదువురాదు గనుక ఈ పత్రిక చదువదు. చదువునది మీరు. చట్టము ఆమె పేర వ్రాసిన పత్రము మీ చేతిలోనున్నది. దానిని ఆమెయింటికి చేర్చుట మీ వంతు.